నెల కలపడం కూడిక కాదు

చెక్ బౌన్స్ కేసుల పుణ్యమా అని నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం పేరు వినని తెలుగువాళ్లు తక్కువ. 1881 నాటి ఆ చట్టంలో అందరూ తలిచేది 138వ సెక్షన్‌నే. దానికి చాలా ముందే, 23వ సెక్షన్‌లో, ఇవాళ్టి కంప్యూటర్ ప్రోగ్రామర్లు చదవాల్సిన నాలుగు ముక్కలున్నాయి. ఇన్ని నెలలకు సొమ్ము చెల్లిస్తానని ప్రోనోటు రాసిస్తే గడువు ఏ రోజుకు తీరినట్టు? అదే తేదీ ఆ నెలలో లేకపోతే ఏం చేయాలి? నెల చివరి రోజుకే గడువు తీరినట్టని సెక్షన్ తేల్చేసి, ఊరుకోకుండా ఉదాహరణలూ ఇచ్చింది. 1878 జనవరి 29న రాసిన పత్రానికి నెల గడువంటే ఫిబ్రవరి 28, దాని మీద మూడు రోజుల గ్రేస్. ఆగస్టు 30న రాసినదానికి మూడు నెలల గడువైతే డిసెంబర్ 3న కట్టాలి. ఆగస్టు 31న రాసినదానికీ డిసెంబర్ 3నే! నవంబర్‌కు 31 లేదు కాబట్టి రెండు పత్రాలూ నవంబర్ 30 దగ్గర కలిసిపోయాయి. మామూలు కూడికలో ఇలా జరగదు. రెండు వేర్వేరు సంఖ్యలకు ఒకే సంఖ్యను కలిపితే ఒకే మొత్తం రాదు. నెల కలపడం కూడిక కాదని, ముందుగా కుదుర్చుకోవాల్సిన ఒప్పందమని ఆ చట్టం రాసినవాళ్లకు తెలుసు. సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లలో చాలామంది దాన్ని ఇప్పటికీ కూడికగానే చూస్తున్నారని నా ఫిర్యాదు.

కంప్యూటర్ లోపల కాలమంటే పెరుగుతూ పోయే ఒక సంఖ్య. చాలా వ్యవస్థల్లో అది 1970 జనవరి 1 మొదలుకొని గడిచిన సెకన్ల లెక్క. సంవత్సరం, నెల, తేదీ, గంట అనేవి ఆ సంఖ్యను మన కోసం విడగొట్టి చూపించే గళ్లు. వంద రోజులు కలపమంటే ఆ సంఖ్యకు ఇంకో సంఖ్య చేరుతుంది, పేచీ లేదు. నెల కలపమంటే మాత్రం సంఖ్యను గళ్లుగా విడగొట్టి, నెల గడిలో ఒకటి పెంచి, మళ్లీ సంఖ్యగా మార్చాలి. 2025 జనవరి 31 మీద ఈ పని చేస్తే మధ్యలో ఫిబ్రవరి 31 అనే లేని తేదీ తగులుతుంది. ఇక్కడి నుంచి ఒక్కో ప్రోగ్రామింగ్ భాషది ఒక్కో దారి. జావాస్క్రిప్ట్ ఆ తేదీని లేనిదని అనదు. ఫిబ్రవరికి మించిన మూడు రోజులను అవతలి నెలలోకి తోసి మార్చి 3 అంటుంది. నెల కలపమంటే ఫిబ్రవరిని పూర్తిగా దాటేసిందన్నమాట. పీహెచ్‌పీ జవాబూ అదే. జావాలోని కొత్త తేదీల లైబ్రరీ, మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ మన 1881 చట్టంలాగే ఫిబ్రవరి 28 దగ్గర ఆగుతాయి.   పైథాన్‌తో పాటే వచ్చే తేదీల సరంజామాలో రోజులు, వారాలు, గంటలు కలపొచ్చు కానీ నెలలు కలపడానికి వీలే పెట్టలేదు. నెల గడిలో నేరుగా 2 వేస్తే తేదీ చెల్లదని మొహం మీదే చెప్పేస్తుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఇది లోపంగా కనిపిస్తుంది. నాకైతే అన్నిటికన్నా నిజాయితీ గల జవాబు అదే అనిపిస్తుంది.

లైబ్రరీలు రాసినవాళ్లు ఇవన్నీ ఆలోచించే ఉంటారు, మంచిదొకటి ఎంచుకుని వాడుకుంటే సరిపోదా అని అడగొచ్చు. వాళ్లు ఆలోచించిన మాట నిజమే. అయితే ఎవరికి వాళ్లు ఆలోచించి వేర్వేరు జవాబులకు వచ్చారు. ఒరాకిల్ డేటాబేస్‌లో నెలలు కలిపే ఫంక్షన్‌కు ఒక ప్రత్యేక నియమం ఉంది. మొదలుపెట్టిన తేదీ ఆ నెలకు చివరి రోజైతే, వచ్చే తేదీ కూడా నెల చివరి రోజే కావాలి. అందుకే 2025 ఫిబ్రవరి 28కి ఒక నెల కలిపితే ఒరాకిల్ మార్చి 31 అంటుంది, మైఎస్‌క్యూఎల్ మార్చి 28 అంటుంది. ప్రతి నెలాఖరుకు జీతాలు వేసే ఆఫీసుకు ఒరాకిల్ పద్ధతి హాయిగా ఉంటుంది. అదే పద్ధతితో కోర్టు గడువులు లెక్కించే సాఫ్ట్‌వేర్ రాస్తే కక్షిదారు మునుగుతాడు. ఇంగ్లండ్‌లో సరిగ్గా ఈ ప్రశ్న మీదే డాడ్స్ వర్సెస్ వాకర్ అనే కేసు నడిచింది. 1978 సెప్టెంబర్ 30న యజమాని అద్దెదారుకు నోటీసు ఇచ్చాడు. కొత్త లీజు కోరుతూ అద్దెదారు నాలుగు నెలల్లోపు కోర్టుకు వెళ్లాలి. అతను 1979 జనవరి 31న వెళ్లాడు. సెప్టెంబర్‌కు 30 ఆఖరి రోజు కాబట్టి నాలుగు నెలల గడువు కూడా జనవరి ఆఖరి రోజుకే తీరుతుందని వాదన. ఆ వ్యాజ్యం హౌస్ ఆఫ్ లార్డ్స్ దాకా పోయింది. నోటీసు ఇచ్చిన తేదీకి సరిపోలే తేదీ జనవరి 30 అని, దరఖాస్తు ఒక రోజు ఆలస్యమైందని 1981లో తీర్పు వచ్చింది. అదే లెక్క ఒరాకిల్‌ను అడిగితే జనవరి 31 అంటుంది, జావాను అడిగితే జనవరి 30. రెండింటిలో ఏదీ చెడిపోలేదు. వకీలు ఆఫీసులో ఏ డేటాబేస్ ఉందన్నదాన్ని బట్టి మాత్రం ఒకరి లీజు నిలవడమో పోవడమో తేలిపోతుంది.

ఈ గొడవంతా ఎందుకు, నెల అనే మాటే తీసేసి 30 రోజులని రాసుకుంటే పోదా అన్నది ఇంకాస్త గట్టి అభ్యంతరం. కొన్నిచోట్ల నిజంగానే అలా చేశారు. భారత ప్రభుత్వ బాండ్ల వడ్డీని ప్రతి నెలకూ 30 రోజులు, ఏడాదికి 360 రోజులని పెట్టుకుని లెక్కిస్తారు. కొనేవాళ్లకూ అమ్మేవాళ్లకూ ఆ సంగతి ముందే తెలుసు కాబట్టి ఎవరికీ నష్టం లేదు. కానీ జనం నెల అని అనుకున్నచోట రోజులు పెడితే ఏమవుతుందో ప్రీపెయిడ్ ఫోన్ ఉన్న ప్రతి ఇంటికీ అనుభవమే. 28 రోజుల ప్లాన్‌ను పదమూడుసార్లు వేయిస్తే 364 రోజులు. పన్నెండు నెలల ఏడాదికి పదమూడు రీఛార్జులు! ఫిర్యాదులు పెరిగి, 2022 జనవరిలో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ కలగజేసుకుంది. 30 రోజుల ప్లాన్ ఉండాలని చెప్పి ఊరుకోలేదు. ప్రతి నెలా అదే తేదీకి పునరుద్ధరించుకునే ప్లాన్ కూడా ఉండాలని, ఆ తేదీ లేని నెలలో చివరి రోజే లెక్కని ఆదేశంలోనే రాసింది. అంటే 23వ సెక్షన్ నియమమే ఫోన్ రీఛార్జుల్లోకి వచ్చిందన్నమాట. మూడు నెలలన్నా 90 రోజులన్నా ఒకటే అనుకునేవాళ్లకు సుప్రీంకోర్టు 2010లో, హిమాచల్ టెక్నో ఇంజినీర్స్ కేసులో, ఒకటి కాదని స్పష్టంగా చెప్పింది. మూడు నెలలంటే మొదలయ్యే తేదీని బట్టి 89 రోజులూ కావచ్చు, 92 రోజులూ కావచ్చు. ఆ మాటకొస్తే రోజు కూడా అన్నిచోట్లా 24 గంటలు కాదు. అమెరికాలో వేసవి కాలమానం కోసం గడియారాలు ముందుకు జరిపే మార్చి ఆదివారం 23 గంటలకే ముగుస్తుంది. అక్కడి తెలుగువాళ్లు హైదరాబాద్‌కు ఫోన్ చేసే వేళ ఏడాదికి రెండుసార్లు మారేది ఆ సర్దుబాటు వల్లే.

గ్రెగోరియన్ క్యాలెండరే అడ్డదిడ్డంగా ఉంది, లెక్క నికరంగా ఉండే పంచాంగం వాడితే ఈ బెడద ఉండదనే వాదనా వినిపిస్తుంటుంది. పంచాంగం ఖగోళ గణితంలో నిక్కచ్చిగా ఉంటుందన్నది నిజం, కానీ గళ్ల చిక్కు అక్కడ ఇంకా ఎక్కువ. సూర్యోదయానికి ఉన్న తిథిని బట్టి ఆ రోజుకు పేరు. తిథి నిడివి స్థిరంగా ఉండదు. కొన్నిసార్లు ఒక తిథి సూర్యోదయం తర్వాత మొదలై మరుసటి సూర్యోదయానికి ముందే ముగుస్తుంది, దాని పేరుతో రోజే ఉండదు. కొన్నిసార్లు ఒకే తిథికి రెండు సూర్యోదయాలు వస్తాయి. 2023లో అధిక శ్రావణం వచ్చి ఏకంగా నెలే రెండుసార్లు నడిచింది. తద్దినం ఏ రోజు పెట్టాలి, పండుగ ఏ రోజు చేసుకోవాలి అన్న ప్రశ్నకు గణితం సరిపోకే ధర్మసింధు, నిర్ణయసింధు లాంటి గ్రంథాలు పుట్టాయి. ఏ కర్మకు ఏ వేళలో ఉన్న తిథిని తీసుకోవాలో అవి విడివిడిగా చెబుతాయి. ఫోన్‌లో పంచాంగం యాప్ తయారుచేసేవాళ్లు గ్రహగణితం కోడ్ ఎక్కడైనా సంపాదించుకోవచ్చు. అసలు పని ఆ నియమాలను రాయడమే.

నియమం ఎంచుకున్నాక కూడా దాన్ని అమలుచేసే చోట జారిపడే వీలుంది. జనవరి 31న మొదలైన ఈఎంఐకి తర్వాతి వాయిదా ఫిబ్రవరి 28. ఆ ఫిబ్రవరి 28ని పట్టుకుని ఇంకో నెల కలిపితే మార్చి 28, తర్వాత ఏప్రిల్ 28. 31 అన్న అసలు తేదీ ఒక్క ఫిబ్రవరితో శాశ్వతంగా పోయింది. జనవరి 31కే నేరుగా రెండు నెలలు కలిపి ఉంటే మార్చి 31 వచ్చేది. ఒకటి కలిపి మళ్లీ ఒకటి కలపడం, ఒకేసారి రెండు కలపడం ఇక్కడ ఒకటి కావు. అందుకే అనుభవమున్న ప్రోగ్రామర్ మొదటి తేదీనీ వాయిదా నంబరునూ దాచుకుని ప్రతిసారీ మొదటి తేదీ నుంచే లెక్కిస్తాడు. ఏ నియమమూ లేకుండా గడిని పెంచి ఊరుకుంటే ఏమవుతుందో 2012 ఫిబ్రవరి 29న మైక్రోసాఫ్ట్ అజూర్ క్లౌడ్‌కు తెలిసివచ్చింది. అందులోని ఒక చిన్న ప్రోగ్రామ్ ఏడాది చెల్లే భద్రతా ధ్రువపత్రం తయారుచేస్తూ, ఆ రోజు తేదీ తీసుకుని సంవత్సరం గడిలో మాత్రం ఒకటి పెంచింది. 2013 ఫిబ్రవరి 29 అనే తేదీ లేదు కాబట్టి ధ్రువపత్రం పుట్టలేదు. మళ్లీ మళ్లీ ప్రయత్నించి విఫలమయ్యాక, సర్వరే చెడిపోయిందని పైనున్న వ్యవస్థ పొరబడింది. దాని మీదున్న పనులను పక్క సర్వర్లకు తరలించింది, అక్కడా అదే కథ. అలా సమస్య తనంతట తానే పాకింది.

ఎంత చెప్పినా తేడా ఒక్క రోజే కదా అనేవాళ్లు ఉంటారు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి 60 ఏళ్లు నిండిన నెల చివరి రోజున రిటైరవుతాడు. జీతాల సాఫ్ట్‌వేర్ రాసేవాడు పుట్టిన తేదీకి 60 ఏళ్లు కలిపి ఆ నెలాఖరు తీసుకుంటే సరిపోతుందనుకుంటాడు, దాదాపు అందరికీ సరిపోతుంది కూడా. కానీ పుట్టినరోజుకు ముందు రోజుతోనే ఆ వయసు నిండినట్టని చట్టం లెక్క. కాబట్టి ఒకటో తేదీన పుట్టినవాళ్లు అంతకుముందు నెల చివరి రోజునే దిగిపోవాలని సర్వీసు నిబంధనల్లో విడిగా రాశారు. ఆ వాక్యం చదవని ప్రోగ్రామ్ ఆగస్టు 1న పుట్టిన ఉద్యోగి చేత ఇంకో 31 రోజులు సంతకం పెట్టిస్తుంది. నిబంధన ప్రకారం మాత్రం అతను జులై 31 మధ్యాహ్నమే ఇంటికి వెళ్లాలి. అదే ఏడాది ఆగస్టు 2న పుట్టిన పక్క సీటాయన ఆగస్టు జీతం కూడా పూర్తిగా తీసుకుంటాడు.