మణలిలో ఒక అక్షరం

ఉత్తర చెన్నైలోని ఒక ప్రాంతాన్ని మనం ‘మనలి’ అంటాం. చెన్నై బస్సు బోర్డు మీద తమిళంలో ఉండేది ‘మణలి’. ‘మణల్’ అంటే ఇసుక. ణ మనకు రాని అక్షరమేం కాదు. ఇంగ్లీషులో చూసి పలికాం, చెవిని అడగలేదు, అంతే. పెద్దయ్యాక కొత్త భాష నేర్చుకునేవాళ్ళు నాలుక తిరగడం లేదని బాధపడతారు. ముందు మొరాయించేది చెవి.

1984లో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ ఇంగ్లీషు ఇళ్ళలోని పసివాళ్ళకు హిందీ త, ట వినిపించి చూశారు. ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లల్లో చాలామంది తేడా పట్టారు. ఏడాది దగ్గరపడేసరికి ఆ నేర్పు బాగా తగ్గిపోయింది. ఇంట్లో అక్కరకు రాని తేడాలను చెవి పట్టించుకోవడం మానేస్తుంది.

మణలి రిఫైనరీ, ఎరువుల ఫ్యాక్టరీ చుట్టుపక్కల పనికొచ్చిన తెలుగువాళ్ళకు తమిళంలో గట్టి పరీక్ష ఴ అనే అక్షరం. ఇది ఒకప్పుడు మనదే, పాత శాసనాల్లో కనిపిస్తుంది. తర్వాత చాలా మాటల్లో డ అయింది: వాళ్ళ కోఴి మన కోడి, వాళ్ళ ఏఴు మన ఏడు. ఇప్పుడు మన చెవి దాన్ని ళ అని సరిపెట్టుకుంటుంది. ఇంగ్లీషు స్పెల్లింగులోని zh చూసి కేరళ కోఴిక్కోడ్‌ను ‘కోజికోడ్’ చేసిందీ మనమే.

ళ అనేటప్పుడు నాలుక కొన వెనక్కి మడిచి అంగిటిని తాకుతుంది. ఴకూ అదే మడత, కానీ తాకకూడదు. ‘అ’ అంటూ, గొంతు ఆపకుండా, కొనను మెల్లగా వెనక్కి వంచండి. అంగిలి తగిలేలోపు ఆపేయండి. అప్పుడు వినిపించేది దాదాపు ఴ.

అయితే నాలుకకు ఈ కసరత్తు ఒక్కటే చాలదు, చెవికీ తర్ఫీదు కావాలి. ఇంగ్లీషు ర, ల తేడా అందని జపాన్ వాళ్ళకు 1991లో అమెరికాలో కొందరు పరిశోధకులు మూడు వారాలు రకరకాల గొంతుల్లో మాటలు వినిపించి, తప్పో ఒప్పో అప్పటికప్పుడే చెప్పారు. వాళ్ళ వినికిడి మెరుగుపడింది. అలా విని నేర్చుకున్నవాళ్ళ పలుకు కూడా బాగుపడిందని 1997లో ఇంకో పరిశోధన చూపించింది, పలకడం ఎవరూ నేర్పకుండానే. ఇది నాకు ఎంతో ధైర్యమిచ్చే సంగతి.

కాబట్టి ఒక్క గురువు చాలడు. తోటి పనివాళ్ళు నలుగురైదుగురి చేత వఴి (దారి), వలి (నొప్పి), వళి (గాలి) అనిపించి ఫోన్లో రికార్డు చేసుకోండి. కలిపి వింటూ ఏది ఏదో చెప్పుకోండి. ఉత్తర చెన్నైలో చాలామంది తమిళులే ఴను ళ అనేస్తారు, అందుకని వార్తలు చదివేవాళ్ళ గొంతు కూడా ఒకటి చేర్చండి. తర్వాత పళ్ళబండి దగ్గర ఆగి అరటిపండు అడగండి: వాఴైప్పఴం. ఒక్క మాటలో రెండుసార్లు వస్తుంది.