ఒకటికి తక్కువ యనగా నెంత?



కంప్యూటరులో ఫైళ్లను వెదకుటకు ‘ఫైండ్’ అను సాధనమొకటి కలదు. దానికి ఆజ్ఞను అక్షరములతో వ్రాసి యీయవలెను. ఫైలు పరిమాణమును బట్టి వెదకుమనుటకు అందు ‘సైజ్’ అను నియమము గలదు. ఈ నియమములోని సూక్ష్మము తెలియక నేనొక నష్టమును పొందితిని. అట్టిది మీకు కలుగకుండుటకై నేడీ ప్రసంగమునకు పూనుకొంటిని.

ఉద్యోగ విరమణానంతరము తాళపత్రములనుండి యెత్తి వ్రాసిన పాఠములను నేను కంప్యూటరులో దాచుకొంటిని. ఆ పత్రముల ఛాయాచిత్రములును అందే యుండెను. పాఠములు చిన్న ఫైళ్లు, చిత్రములు పెద్దవి. పాఠములను మాత్రమే వేరొక డిస్కునకు చేర్పదలచి, ఒక మెగాబైటుకు తక్కువైన వానిని వెదకి ప్రతి తీయుమని ఆజ్ఞ వ్రాసితిని. కొత్త డిస్కులో కొన్ని పేర్లు కనబడెను. వానిని తెరచి చూడకయే పాత డిస్కును తుడిచివైచితిని. పిమ్మట తెరచి చూడగా ప్రతి ఫైలును శూన్యము! రెండేండ్ల శ్రమ నా చేతులతోనే పోగొట్టుకొంటిని.

సాధనము తప్పు చేసెనా? లేదు. నేనడిగినదానినే యిచ్చెను. అదెట్లో వినుడు.

ధాన్యమును బస్తాలకెత్తునప్పుడు చివరి బస్తా నిండకున్నను దానిని ఒక బస్తాగానే లెక్కింతుము గదా. పిడికెడు గింజలున్నను అది యొక బస్తాయే. అట్లయినచో ‘ఒక బస్తాకు తక్కువ’ యనగా నేమి? బస్తాయే లేకపోవుట. లినక్స్ యంత్రములలో సామాన్యముగా నుండు గ్నూ ఫైండ్ లెక్కయు నిట్టిదే. ఫైలును మనము చెప్పిన మానముతో కొలిచి, మిగిలిన తునకను పూర్తి మానముగా పెంచి, ఆ పిమ్మటనే సంఖ్యతో పోల్చును. కనుక ఒక్క బైటున్న ఫైలును ఒక మెగాబైటుగానే గణింపబడును; ఒకటికి తక్కువైనది శూన్యమైన ఫైలు మాత్రమే.

సంఖ్యకు ముందు ధనచిహ్నమున్న ‘మించినది’ అనియు, ఋణచిహ్నమున్న ‘తక్కువైనది’ అనియు, ఏదియు లేకున్న ‘సరిగా నంత’ అనియు నర్థము. ధనచిహ్నముతో చిక్కు లేదు. ఋణచిహ్నముతోనే చిక్కు. పది మెగాబైట్లకు తక్కువ యన్నచో తొమ్మిదింటివరకే దొరకును; తొమ్మిదిన్నర గల ఫైలు తప్పిపోవును. కొన్ని దొరకుచునే యుండును గనుక ఈ లోపము కంటబడదు.

ఇక మానముల మాట. ‘సి’ యనగా బైటు. ‘డబ్ల్యు’ యనగా రెండు బైట్లు. ‘బి’ యనగా 512 బైట్ల దిమ్మె. అక్షరమేదియు వ్రాయనిచో దీనినే గ్రహించును. కావున ఊరక 100 అని వ్రాసినవాడు వంద బైట్లనుకొనిన మోసపోవును. అవి వంద దిమ్మెలు. చిన్న ‘కె’ 1,024 బైట్లు. పెద్ద ‘ఎమ్’ 10,48,576. పెద్ద ‘జి’ 1,07,37,41,824. పైకి సవరించు పద్ధతి ఈ దిమ్మెల లెక్కలోనిది. పోసిక్స్ ప్రమాణమును 512 బైట్ల దిమ్మెలను, బైట్లను తెలుపు ‘సి’ని మాత్రమే చెప్పుచున్నది.

పరిహారము సులభము. తక్కువైన వానిని వెదకునపుడు బైట్లలో చెప్పుడు. ఋణచిహ్నముంచి 10,48,576 అంకెను కామాలు లేక వ్రాసి, చివర ‘సి’ చేర్చినచో సున్న మొదలు 10,48,575 బైట్లవరకు గల ఫైళ్లన్నియు వచ్చును. బైటుకు తునక లేదు గనుక పెంచుటకును తావు లేదు.

ఇంకొక్క మాట. ప్రతి తీయుటకుగాని, తుడుచుటకుగాని ముందు, అదే ఆజ్ఞతో పేర్ల పట్టికను మాత్రము రప్పించి చూడుడు. ప్రతి తీసిన పిమ్మట ఒకటి రెండు ఫైళ్లను తెరచి చదువుడు. బడిలో నలువది యేండ్లు పిల్లలకు ‘లెక్క చేసి సరిచూడుడు’ అని చెప్పిన నేనే ఆనాడు సరిచూడనైతిని. మీరు చూడుడు. సెలవు.