శిలయు శిల్పియు

కవి తన మాట నచ్చనిచో కొట్టివేసి వేరొకటి వ్రాయవచ్చును. చిత్రకారుడు రంగుపై రంగు పూయవచ్చును. కుమ్మరి మట్టిని మరల ముద్ద చేయవచ్చును. రాతిశిల్పికి అట్టి వెసులుబాటు లేదు. ఉలిదెబ్బకు ఊడిన ముక్క మరల శిలను చేరదు. కావున శిల్పికి గల కష్టములలో మొదటిది చేతిపని కాదు; చేయి యెత్తుటకు ముందు చేయవలసిన యాలోచన.

ఈ యాలోచన శిలను ఎన్నుకొనుటతో నారంభమగును. తూర్పు గాంగరాజగు మొదటి నరసింహదేవుడు 13వ శతాబ్దమున కోణార్కమునందు సూర్యాలయమును కట్టించెను. దానికి విరివిగా వాడిన ఖోండలైటు రాయి చెక్కుటకు అనువైనదే గాని, ఉప్పుగాలికిని వానకును క్రమముగా శిథిలమగును. అందుచే అచటి పెక్కు బొమ్మల ముఖములు మాసిపోయినవి. ద్వారబంధములకును ముఖ్య దేవతామూర్తులకును వాడిన క్లోరైటు శిలపై నగిషీ యింకను స్పష్టముగా నున్నది. ఉద్దానపు తీరవాసులకు ఉప్పుగాలి బలము వేరుగా చెప్పనక్కరలేదు.

మన టెక్కలి ప్రాంతపు కొండలలో నీలి గ్రానైటు లభించును. అది మిక్కిలి కఠినము. దానిపై ఉలిమొన త్వరగా మొద్దువారును, పని మెల్లగా సాగును. కాని చెక్కిన రేఖ చిరకాలము నిలుచును. ఈ రాయి దిమ్మెలుగా కోయబడి, నునుపైన పలకలై దూరదేశముల కేగుచున్నది. తరిగిన కొండ మరల పెరుగదు. అందొక దిమ్మెయైనను మన బాలబాలికల చేతిలో మూర్తియైనచో, ఆ కొండ ఋణము కొంత తీర్చినట్లగును.

ఇక ప్రేరణకు దూరము పోనక్కరలేదు. వంశధార యొడ్డున శ్రీముఖలింగమునందలి మధుకేశ్వర, భీమేశ్వర, సోమేశ్వరాలయములు మనకు గురుకులములు. దేవతలను చెక్కుటయే శిల్పమని తలపరాదు. మద్రాసు కళాశాలకు అధ్యక్షుడుగా నుండిన దేవీప్రసాద్ రాయ్ చౌదరి, బండను కదలించు నలుగురు కూలీలను కంచున మలచెను. "శ్రమవిజయము" అను ఆ విగ్రహము 1959లో చెన్నపట్టణపు మెరీనా తీరమున ప్రతిష్ఠింపబడెను. రాతిగనిలో సమ్మెట యెత్తు కూలివాడు, పలాసలో జీడిపిక్కలు కొట్టు స్త్రీ, తీరమున వలలాగు బెస్తవాడు మన కన్నుల యెదుటనే యున్నారు.

కళాభ్యాసము చేయు సోదరీసోదరులు ఈ సూచనలను గమనింతురు గాక. తలచిన రూపమును ముందు మట్టితో చేసి నాలుగు వైపులనుండి చూడుడు. శిలను తట్టి వినుడు. గంటవలె మ్రోగినచో మేలు, బొంగురు ధ్వని యైనచో లోన పగులుండవచ్చును. పెద్ద రూపము కుదిరిన పిదపనే కన్ను, ముక్కు, నగలు చెక్కుడు. రాతిధూళి ఊపిరితిత్తులకు హానికరము. తగిన ముఖకవచమును, కంటి కద్దములను ధరింపక ఉలి పట్టకుడు. అన్నిటికంటె ముఖ్యముగా, ఎచట ఆగవలయునో నేర్చుకొనుడు. ఒక దెబ్బ తక్కువైనచో రేపు కొట్టవచ్చును; ఎక్కువైనచో దిద్దుట కష్టము.