పడవకు లంగరు - పాత రైలుపట్టా

పడవను నడపుట యెంత విద్యయో, నిలుపుటయు నంత విద్యయే. నడినీటిలో యంత్ర మాగిపోయినను, చుక్కాని విఱిగినను, గాలి హెచ్చినను పడవలోనివారికి ఆధారము లంగరు. అట్టి లంగరును అంగడిలో కొనక, పాత రైలుపట్టా ముక్కతో తామే చేసికొనువారు అమెరికాదేశమున కలరు. అచ్చటి నదులలోను సరస్సులలోను చిన్న పడవలపై చేపలు పట్టువారు కొందఱు జానెడో అడుగో పట్టాముక్కకు త్రాడు గట్టి నీటిలో దింపుదురు. మన తెలుగు కుటుంబములు పెక్కులు నేడా దేశమున కాపురమున్నవి; సెలవుదినములలో బిడ్డలతో పడవ యెక్కువారును గలరు. ఇక మన సముద్రతీరమున పడవపై పోయినవారికొఱకు గట్టున నెదురుచూచు ఇల్లాండ్రకు లెక్క లేదు. కావున నీ పట్టాముక్క నెచ్చట నమ్మవచ్చునో, ఎచ్చట నమ్మరాదో స్త్రీలు తెలిసికొనుట మంచిది.

మొదటి లంగరులు రాళ్లే. రాతికి బెజ్జము తొలిచి, త్రాడు దూర్చి, నీట దింపెడివారు. గుజరాతు తీరమున ద్వారకయొద్ద సముద్రగర్భములో అట్టి బెజ్జపురాళ్లు అనేకములు దొరకినవి. పట్టాముక్కయు నొకవిధముగా నా రాతికి తోబుట్టువే. అయినను రాతికంటె ఇది మేలు. దానికి కారణము మన నూతియొద్దనే కలదు. నిండిన చేద నీటిలో మునిగియున్నంతసేపు తేలికగా నుండి, పైకి రాగానే చేతులను లాగును గదా! నీట మునిగిన ప్రతి వస్తువును తానాక్రమించిన నీటి బరువంత బరువును కోల్పోవును. 10 కిలోల నల్లరాయి నీటిలో సుమారు 6 కిలోలుగా మాత్రమే తూగును. 10 కిలోల ఉక్కు సుమారు 8 కిలోల 700 గ్రాములు తూగును. పైగా ఉక్కు కొద్దిచోటనే ఇముడును. మన రైలుమార్గములలోని పట్టాలలో నొక రకము మీటరునకు 52 కిలోలు, మఱియొకటి 60 కిలోలు బరువుండును. 52 కిలోల పట్టాలో 20 సెంటీమీటర్ల ముక్క, అనగా జానెడైన లేని ముక్క, 10 కిలోలకు మించును.

అయితే బరువు వేఱు, పట్టు వేఱు. ఈ భేదము నెఱుగకపోవుటవలననే అపాయము కలుగును. దూడను బండరాతికి గట్టినచో, బెదరినపుడది రాతినే యీడ్చుకొని పోవును. చిన్న గుంజయైనను నేలలో లోతుగా పాతి కట్టినచో పలుపు తెగవలసినదే గాని గుంజ కదలదు. పట్టాముక్క గట్టి యిసుకనేలపై బండవలె పడియుండును గాని నేలలోనికి దిగదు. తన బరువుకంటె తక్కువ లాగుడునకే జరుగనారంభించును. గాలివేగము రెట్టింపైనచో పడవపై దాని త్రోపుడు నాలుగురెట్లగును. కనుక ఉదయము నిశ్చలముగా నిలిపిన ముక్కయే సాయంకాలపు గాలికి జారిపోవచ్చును. నిజమైన లంగరునకు కొమ్ములుండుట యిందులకే. నూతిలో పడిన చేదను తీయు పాతాళగరిగ నెఱిగినవారికి దాని రూపము వేఱుగ చెప్పనక్కఱలేదు. ఇంగ్లాండుదేశపు శాస్త్రజ్ఞుడు జి. ఐ. టేలరు 1933 లో నాగటికఱ్ఱువంటి లంగరు నొకదానిని కల్పించెను. లాగినకొలది నది నేలలోనికి దిగును. బరువు కొంచెమైనను పట్టు చాలయెక్కువ.

లంగరు పట్టు సగము త్రాటిలో నున్నది. గుంజను నిట్టనిలువుగా పైకి లాగినచో ఊడివచ్చును. ప్రక్కకు లాగినచో నిలుచును. అట్లే త్రాడు పొట్టిదైనచో, అల లేచినపుడెల్ల లంగరు పైకి లేచును. నీటిలోతునకు పడవ ముందుకొన యెత్తును గూడ కలిపి, దానికి అయిదు మొదలు ఏడురెట్లు త్రాడు వదలవలెను. లోతు 10 అడుగులు, ముందుకొన యెత్తు 2 అడుగులు అయినచో, త్రాడు 60 మొదలు 84 అడుగులు కావలెను. లంగరుదగ్గఱ కొంతమేర గొలుసున్నచో లాగుడు నేలబారుగ వచ్చి పట్టు పెరుగును. త్రాడు నెప్పుడును పడవ ముందుకొననే కట్టవలెను. వెనుకకొన పల్లముగ నుండును; యంత్రపు బరువు నచ్చటనే. అచ్చట కట్టినచో ప్రవాహము వెనుకకొనను క్రిందికి లాగగా నీరు లోనికి చొచ్చి, కొన్ని నిమిషములలోనే పడవ మునుగవచ్చును.

పట్టాముక్కను లంగరుగా సిద్ధపఱచుటయు జాగ్రత్తతో చేయవలసిన పని. పట్టాకు పైన తల, నడుమ సన్నని నడుము, క్రింద వెడల్పైన పాదము ఉండును. పట్టాలను జతచేయు చీలలకొఱకు వాని కొనలయందు నడుమునకు బెజ్జములుండును. అట్టి కొనముక్క దొరకినచో క్రొత్తగా తొలువనక్కఱలేదు. కోసిన అంచులను ఆకురాతితో నున్నగా రాయవలెను. లేనిచో త్రాడు తెగును. త్రాటిని బెజ్జమునకే కట్టక, నడుమ ఇనుపకొండి నుంచవలెను. పాతాళగరిగవలె కొమ్ము లతికింతమని కొంద ఱనుకొందురు. పట్టా ఉక్కులో కర్బనము హెచ్చు. మామూలుగా నతికినచో చల్లారునపుడు అతుకు పగిలి, అవసరమైనవేళ కొమ్ము విఱుగవచ్చును. ముక్కకు పాత గోనె చుట్టి పడవలో నుంచినచో పడవ యడుగు చెడదు, పిల్లల కాళ్లు నలుగవు.

మఱియొక విషయము. పట్టాలప్రక్కన పడియున్న ముక్క దిక్కులేని సొత్తు కాదు. మన దేశమున రైల్వేసొత్తును అక్రమముగా దగ్గఱ నుంచుకొనుట 1966 నాటి చట్టము ప్రకారము నేరము. మొదటి తప్పునకే 5 సంవత్సరములవఱకు చెఱసాల కలుగవచ్చును. అమెరికాలో నైనను కంపెనీ మార్గములో నుండి తీసికొనిన దొంగతనమే. పాతపట్టాలను రైల్వేవారే వేలము వేయుదురు. పాత ఇనుపసామాను వర్తకునియొద్ద కొనినచో రసీదు తీసికొని భద్రపఱచవలెను.

ఇక నీ ముక్క దేనికి పనికివచ్చును? గాలిలేని చెఱువున, మెల్లని ప్రవాహమున, మనుష్యులు మేలుకొనియున్న కొద్దిసేపటికి పనికివచ్చును. రాళ్ల సందులలో కొమ్ముల లంగరు చిక్కుకొని రాకపోవచ్చును. పట్టాముక్క తఱచుగా ఊడివచ్చును. పోయినను నష్టము కొంచెమే. సముద్రమున గాని, రాత్రి నిద్రించునపుడు గాని, తుపాను సూచన యున్నపుడు గాని దీనిపై నాధారపడరాదు. అప్పుడు కొమ్ములుగల లంగరే యుండవలెను. పట్టాముక్క రెండవదిగా నుండవచ్చును.

సోదరీమణులారా! ఇంటివారు పడవ యెక్కబోవునపుడు అన్నపుమూట కట్టి యిచ్చుటతోపాటు మూడుమాట లడుగుడు: లంగరు నేల పట్టునదేనా? త్రాడు లోతునకు తగినంత యున్నదా? ముందుకొననే కట్టితిరా? అందఱికిని ప్రాణరక్షక చొక్కాలున్నవో లేవో గూడ మీ కన్నులతో చూచికొనుడు. ఈ మాటలకు సరియైన యుత్తరము రానిచో, ఆనాటి ప్రయాణము నాపుటకు మొగమాట పడకుడు.