టపాలో నడచు గ్లైడరు పందెము

పరుగుపందెములో ఎవరు గెలిచిరో చెప్పుట సులభము. అందరును ఒకే గీతమీద నిలిచి, ఒకే ఈల విని బయలుదేరెదరు. కాని ఒకడు బందరులోను, మరియొకడు బెంగుళూరులోను పరుగెత్తి, తమకు పట్టిన కాలమును ఉత్తరముల ద్వారా తెలుపుకొని గెలుపోటములు తేల్చుకొనవచ్చునా? పరుగు విషయములో ఇది కొంతవరకు సాధ్యమే. నేల రెండుచోట్లను నేలయే గదా! గాలిలో తేలు వస్తువు విషయములో మాత్రము చిక్కు వచ్చును. ఒక ఊరి గాలి మరియొక ఊరి గాలివలె ఉండదు.

అయినను రేడియోతో నడుపు నమూనా గ్లైడర్ల సంఘములు ఇట్టి పందెములను ఆడుకొనుచున్నవి. ఒక సంఘమువారు మరియొక సంఘమువారిని కలిసికొనరు. ఎవరి మైదానములో వారు గ్లైడర్లను ఎగురవేసి, ఆ లెక్కలను పంపుకొందురు. వీనిని టపా పందెములు అందురు. ఈనాడు లెక్కలు ఇంటర్నెట్టు మీద క్షణములో చేరుచున్నను పాత పేరు నిలిచిపోయినది. గాలి వేరైనప్పుడు ఈ పందెము న్యాయముగా ఎట్లు జరుగును? ఈ ప్రశ్నకు సమాధానము వెదకినచో విజ్ఞానశాస్త్రములో కొలత అనగా నేమో కూడ కొంత తెలియగలదు.

ముందుగా గ్లైడరు సంగతి చూతము. ఎగురునప్పుడు దానిని ముందుకు లాగు ఇంజను ఉండదు. అది ఎల్లప్పుడు తన చుట్టు ఉన్న గాలిలో మెల్లగా క్రిందికి జారుచునే ఉండును. ఆ జారుటయే దానికి వేగము నిచ్చును. ఆ వేగమువలన రెక్కలు దాని బరువును మోయును. నేలమీద నిలిచినవాని చేతిలో ట్రాన్స్‌మిటరు, గ్లైడరు పొట్టలో రిసీవరు ఉండును. రిసీవరు ఆజ్ఞను అందుకొనగానే చిన్న మోటారులు చుక్కానిని, తోక రెక్కను కదల్చును. రేడియో తరంగములు దారి త్రిప్పగలవు గాని గ్లైడరును పైకెత్తలేవు. అమెరికాలో రాస్ హల్ అను రేడియో నిపుణుడు 1937 నాటికే ఇట్టి గ్లైడర్లను ఎగురవేసెను.

ఇప్పుడొక చిన్న లెక్క వేయుదము. ఒక గ్లైడరు నిశ్చలమైన గాలిలో సెకండునకు అర మీటరు చొప్పున దిగుననుకొందము. దానిని 150 మీటర్ల ఎత్తున విడిచినచో 300 సెకండ్లకు, అనగా 5 నిమిషములకు, నేల చేరును. ఎండ కాయుచున్న పగటివేళ గాలి నిశ్చలముగా ఉండదు. దున్నిన చేను, రాతినేల, తారురోడ్డు త్వరగా వేడెక్కును. చెరువు, పచ్చని పైరు అంత త్వరగా వేడెక్కవు. వేడెక్కిన నేలమీది గాలి తేలికయై పైకి లేచును. దీనిని థర్మల్ అందురు. మధ్యాహ్నవేళ గద్దలు రెక్కలాడింపకయే చుట్లు తిరుగుచు పైకిపోవుట మనమందరము చూచినదే. అవి థర్మల్‌లో తిరుగుచున్నవి.

మన గ్లైడరు సెకండునకు ఒకటిన్నర మీటరు చొప్పున లేచు గాలిలో ప్రవేశించినదనుకొనుడు. తన గాలిలో అది అర మీటరు దిగుచునే యున్నను, ఆ గాలియే ఒకటిన్నర మీటరు లేచుచున్నది. కావున గ్లైడరు సెకండునకు ఒక మీటరు చొప్పున పైకి పోవును. ఒక్క నిమిషములో 60 మీటర్ల ఎత్తు లాభము! థర్మల్‌ల నడుమ గాలి క్రిందికి దిగుచుండును. అది సెకండునకు ఒక మీటరు చొప్పున దిగుచోట గ్లైడరు ఒకటిన్నర మీటరు చొప్పున పడిపోవును. 150 మీటర్ల ఎత్తు 100 సెకండ్లలో హరించిపోవును. గ్లైడరు ఒకటే, నడుపువాడు ఒకడే. అయినను ఒకప్పుడు 100 సెకండ్లు, ఒకప్పుడు 300, ఒకప్పుడు అరగంటకు పైగా ఎగురవచ్చును. ఇందులో నేర్పు ఎంత, అదృష్టమెంత?

అందరును ఒకే మైదానమునకు వచ్చినచో దీనికి మంచి ఉపాయమున్నది. కొందరిని ఒక జట్టుగా చేర్చి, అందరిచేతను ఒకే సమయములో ఎగురవేయింతురు. వారిలో మొదటివానికి 1000 మార్కులిచ్చి, తక్కినవారికి అదే నిష్పత్తిలో ఇత్తురు. మొదటివాడు 600 సెకండ్లు, రెండవవాడు 480 సెకండ్లు ఎగిరినచో రెండవవానికి 800 మార్కులు వచ్చును. గాలి బాగుండని వేళ మొదటివాడు 300 సెకండ్లే ఎగిరినను వానికి 1000 వచ్చును. ఆకాశము అందరికి ఒకటే గనుక దాని మంచిచెడ్డలు లెక్కలో తొలగిపోవును.

టపా పందెములో ఈ ఉపాయము పనికిరాదు. రెండు ఊళ్ల మొదటివారికిని చెరి 1000 మార్కులిచ్చినచో, వారిలో ఎవరు మేలో ఆ అంకెలు చెప్పజాలవు. దూరము మనుష్యులను కలియనీయని చిక్కు పూర్వమునుండియు ఉన్నదే. 1928లో బ్రిటనులో నెలకొల్పిన వేక్‌ఫీల్డ్ కప్పు రబ్బరు శక్తితో ఎగురు నమూనా విమానములకు ప్రసిద్ధి చెందినది. దానిలో పాల్గొనుటకు దూరదేశములవారు తాము రాలేక, తమ విమానములను మాత్రము పంపెడివారు. పందెము జరుగుచోట నున్న మరియొకరు వారి తరపున ఎగురవేసెడివారు. ఇట్లు విమానమును పంపుట ఒక మార్గము. లెక్కను పంపుట రెండవ మార్గము.

లెక్కను పంపునప్పుడు గాలిని సమానము చేయలేము గనుక తక్కిన వానిని వీలైనంతవరకు సమానము చేయవలెను. మొదటిది, కాలమునకు హద్దు. 10 నిమిషములకు మించిన ఎగురుటకు మార్కులు లేవన్నచో, బలమైన థర్మల్ దొరికినవాడు అరగంట ఎగిరినను ప్రయోజనముండదు. రెండవది, దిగుట. గుర్తుపెట్టిన చోటికి దగ్గరగా దిగినవానికి మార్కులిచ్చినచో నేర్పునకు విలువ పెరుగును. మూడవది, ఎక్కువ పర్యాయములు ఎగురవేయుట. ఒక్కసారి కలిసివచ్చిన అదృష్టము పది పర్యాయముల మొత్తములో చిన్నదైపోవును. నాలుగవది, విడుచు ఎత్తు.

ఎత్తును కొలుచుట పూర్వము కష్టముగా నుండెడిది. ఇప్పుడు కొద్ది గ్రాముల బరువుగల సాధనము గాలి పీడనమునుబట్టి ఎత్తును కొలిచి దాచియుంచును. నేలకు దగ్గరలో సుమారు 8 మీటర్లు పైకి పోయినచో పీడనము ఒక మిల్లీబారు తగ్గును. అంతర్జాతీయ వైమానిక సమాఖ్య నియమములలో ఎఫ్‌5జె అను తరగతి దీనిపైననే ఆధారపడినది. అందులో చిన్న విద్యుత్ మోటారు గ్లైడరును 30 సెకండ్లకు మించకుండ పైకి తీసికొనిపోయి ఆగిపోవును. ఎగిరిన ప్రతి సెకండునకు ఒక మార్కు. 200 మీటర్లవరకు ఎక్కిన ప్రతి మీటరునకు అర మార్కు, ఆపైన ప్రతి మీటరునకు 3 మార్కులు తగ్గింతురు. 60 మీటర్లకే మోటారును ఆపిన ధైర్యశాలికి 30 మార్కులు మాత్రమే నష్టము. కాని థర్మల్ దొరకనిచో వాడు త్వరగా నేలకు దిగవలసినదే.

ఇంత చేసినను కొన్ని భేదములు మిగులును. బెంగుళూరు సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్నది. అక్కడి గాలి బందరు గాలికంటె పలుచన. బందరులో 300 సెకండ్లు తేలు గ్లైడరు అక్కడ సుమారు 12 సెకండ్లు తక్కువ తేలును. ఇట్టి భేదమును లెక్కవేసి సరిచేయవచ్చును. థర్మల్‌ను మాత్రము ఏ లెక్కయు సరిచేయలేదు. అందుచేతనే ఇవి స్నేహపోటీలుగా మిగిలినవి.

ఇంకొక సంగతి. గడియారము పట్టుకొన్నవాడు మన సంఘమువాడే. ఎదుటి సంఘమువారు చూచుట లేదు. వాడు 571 సెకండ్లను 580 అని వ్రాసినచో పట్టుకొనువారు లేరు. కాని అట్లు వ్రాసినవాడు గెలిచినదేమి? తన గ్లైడరు ఎంత మంచిదో, తన చేయి ఎంత నేర్చినదో తెలిసికొను అవకాశమును తానే పోగొట్టుకొన్నాడు. ప్రయోగశాలలో ఒంటరిగా కొలతలు వ్రాసికొను శాస్త్రజ్ఞుని స్థితియు ఇదియే.

రేడియో గ్లైడరు లేకున్నను రెండు పాఠశాలలు ఇట్టి పందెము పెట్టుకొనవచ్చును. ఒకే కొలతగల కాగితముతో, ఒకే పద్ధతిలో మడిచిన కాగితపు గ్లైడర్లను చేయుడు. గాలి వీచని గదిలో, తలుపులు మూసి, ఫంకాలు ఆపి, తోయకుండ మెల్లగా జారవిడువుడు. విడిచిన ఎత్తును, పోయిన దూరమును కొలువుడు. దూరమును ఎత్తుతో భాగించిన వచ్చు సంఖ్యను పోల్చినచో, ఒక పాఠశాలలో ఎత్తు కొంచెము ఎక్కువైనను పెద్ద చిక్కు ఉండదు. పది పర్యాయములు విడిచి, పదింటిని వ్రాయుడు. బాగుగా పోనివానిని కొట్టివేయరాదు. ఆ పట్టికను రెండవ పాఠశాలకు పంపుడు. వారు మీ గదిని చూడలేదు. మీ పట్టికను మాత్రమే చూచెదరు. దానిని వారు నమ్మదగినట్లు వ్రాయుటయే ఈ పందెములో మొదటి గెలుపు.