అంతర్జాలానికి పెద్దదిక్కు

2017 నవంబరు మొదటి వారంలో అబుదాబిలో, అంతర్జాలపు పేర్లు, చిరునామాల వ్యవస్థను చూసే ఐకాన్ సంస్థ 60వ సభ ముగిసింది. ఆ సభలోనే 73 ఏళ్ల స్టీవ్ క్రాకర్ బోర్డు ఛైర్మన్ బాధ్యతను షెరీన్ షలాబీకి అప్పగించారు. ఆ పదవిలో క్రాకర్ ఉన్నది ఆరేళ్లకు పైగా. అంతర్జాలంతో ఆయన అనుబంధం మాత్రం 1960ల నాటిది.

ఆ పేరు మనలో చాలామంది విని ఉండరు. షార్జాలో డ్యూటీ దిగి జగిత్యాలకు ఫోన్ కలిపే కార్మికుడికీ, దుబాయ్ ఆఫీసులో సర్వర్లు చూసుకునే గుంటూరు ఇంజినీరుకీ ఆయన తెలియాల్సిన అవసరం రాలేదు. కానీ ఆ ఇద్దరి రోజూ గడిచేది ఆయన, ఆయన తోటివాళ్లు వేసిన పునాది మీదే.

1960ల చివర్లో క్రాకర్ లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో పరిశోధక విద్యార్థి. వేర్వేరు ఊళ్లలోని కంప్యూటర్లను కలపాలి. అవి ఏ పద్ధతిలో మాట్లాడుకోవాలో చెప్పిన పెద్దలెవరూ లేరు. ఆ పని కుర్రవాళ్ల మీద పడింది. అసలు అధికారులెవరో వచ్చి ‘మీరెవరు చెప్పడానికి’ అంటారేమోనని జంకు. మిత్రుల ఇంట్లో ఉంటున్న క్రాకర్, వాళ్ల నిద్ర చెడగొట్టకుండా రాత్రిపూట స్నానాలగదిలో కూర్చుని తొలి పత్రం రాశారు. దాన్ని శాసనంలా ప్రకటించలేదు. రిక్వెస్ట్ ఫర్ కామెంట్స్ అని పేరుపెట్టి, మీ అభిప్రాయం చెప్పండని పంపారు. 1969 ఏప్రిల్ 7 నాటి ఆర్‌ఎఫ్‌సీ-1 అదే. ఆ వరుసలో వచ్చిన పత్రాలు నేడు 9,000 దాటాయి. ఎవరైనా ఉచితంగా చదవొచ్చు, తప్పు పట్టొచ్చు, అంతకన్నా మెరుగైనది రాయొచ్చు. నా దృష్టిలో ఆయన చేసిన అతిపెద్ద మేలు ఈ మర్యాదే. కేబుళ్లు ఎవరైనా వేస్తారు. కొత్తగా వచ్చినవాడికి మాట్లాడే చోటివ్వడం అందరివల్లా కాదు.

తర్వాత ఆయన మనసంతా భద్రత మీదికి మళ్లింది. 2002 నుంచి ఐకాన్ భద్రతా సలహా సంఘాన్ని నడిపారు. డొమైన్ పేర్ల వ్యవస్థకు మూలమైన రూట్‌కు 2010లో డిజిటల్ సంతకం చేరింది. మీరు టైపు చేసిన బ్యాంకు పేరుకు దొంగ చిరునామా అంటగట్టకుండా కాపాడే ఏర్పాటిది. ఆ సంతకపు తాళంచెవిని తొలిసారి మార్చాల్సింది 2017 అక్టోబరు 11న. కొన్ని సర్వర్లు కొత్త తాళంచెవిని ఇంకా అందుకోలేదని తేలడంతో సెప్టెంబరు చివర్లో వాయిదా వేశారు. అబుదాబిలో సభ జరిగింది ఆ ఆందోళన నడుమే. ఏడాది తర్వాత, 2018లో, సరిగ్గా అదే అక్టోబరు 11న మార్పు జరిగింది, పెద్ద ఇబ్బందేమీ రాలేదు. ముందే గుర్తించి ఆగడం వల్లే అలా సాఫీగా జరిగిందని నేను నమ్ముతాను.

ఇదే క్రాకర్ అబుదాబి సభకు ఏడాది ముందు, 2016 నవంబరులో, హైదరాబాద్ హెచ్‌ఐసీసీలో ఐకాన్ 57వ సభకు ఛైర్మన్‌గా ఉన్నారు. అమెరికా ప్రభుత్వంతో ఐకాన్‌కు ఉన్న పర్యవేక్షణ ఒప్పందం ఆ అక్టోబరు 1నే ముగిసింది. ఆ పెత్తనం పోయాక ప్రపంచం మొదట కూడింది మన ఊళ్లోనే. ఈ సంగతి మనం తగినంతగా చెప్పుకోలేదు.

యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ నేల మీద ఐకాన్ పద్ధతికి భిన్నమైన దారి కూడా కనిపించింది. 2012 డిసెంబరులో దుబాయ్‌లో అంతర్జాతీయ టెలికం సమాఖ్య మహాసభ జరిగింది. 1988 నాటి ఒప్పందాన్ని తిరగరాయడం దాని పని. ఎమిరేట్స్ టెలికం నియంత్రణ సంస్థ అధిపతి మొహమ్మద్ నాసర్ అల్ ఘానిమ్ అధ్యక్షత వహించారు. అక్కడ నిర్ణయం ప్రభుత్వాలదే. 89 దేశాలు సంతకం పెట్టాయి, 55 దేశాలు పెట్టలేదు. మన దేశం ఆ రోజు పెట్టలేదు. ప్రభుత్వాలు, కంపెనీలు, ఇంజినీర్లు, మామూలు వాడుకదారులు ఒకే మైకు ముందు వరుసకట్టే ఐకాన్ పద్ధతి విసుగు పుట్టించేంత నెమ్మది. అయినా నేను దాని వైపే ఉంటాను.

అయితే ఆ మైకు దగ్గరికి గల్ఫ్ కార్మికుల క్యాంపుల్లో ఉండే మనవాళ్లు ఎప్పుడు చేరారు? ఎమిరేట్స్‌లో ఇంటర్నెట్ కాల్స్‌కు లైసెన్సు తప్పనిసరి కావడంతో ఏళ్ల తరబడి వాట్సాప్ కాల్ కలవలేదు. డబ్బు కట్టి బోటిమ్ అనే యాప్‌లో మాట్లాడుకున్నారు. అది ఐకాన్ పరిధిలోని విషయం కాదు, ఆ దేశపు నిర్ణయం. కానీ పిల్ల ముఖం చూడ్డం కోసం రాత్రిదాకా కాచుకున్న తండ్రికి ఆ తేడాతో పనేముంది?

భాష విషయంలో మాత్రం ఎమిరేట్స్ ముందే నడిచింది. 2010 మేలో అరబ్బీ లిపిలో డొమైన్ పొందిన తొలి మూడు దేశాల్లో ఈజిప్టు, సౌదీలతో పాటు ఇదీ ఉంది. మనకూ తెలుగు లిపిలో ‘.భారత్’ ఉంది. రూట్‌లో తెలుగు అక్షరాలు ఎలా వాడాలో చెప్పే నియమాలు 2019లో చేరాయి. అయినా తెలుగులో రాసిన ఈమెయిల్ చిరునామాను చాలా వెబ్‌సైట్ల దరఖాస్తులు ఇప్పటికీ తప్పని తోసేస్తున్నాయి. ఆ సాఫ్ట్‌వేర్‌ను సరిచేయగల చేతులు హైదరాబాద్‌లోనూ దుబాయ్‌లోనూ మనవాళ్లకే వేలల్లో ఉన్నాయి.