బిడ్డల చేతిలోని వారసత్వము

చెవితో వినినది మఱపు రావచ్చును. చేతితో చేసినది అంత సులభముగా మఱపు రాదు. దీనికి నిదర్శనముగా స్వీడను దేశపు సంగతి మనవి చేసెదను.

పందొమ్మిదవ శతాబ్దమున యంత్రములు ప్రబలి, ఆ దేశపు పల్లెల పాత యిండ్లును పనిముట్లును నశింపసాగెను. అది చూచి చింతించిన ఆర్తూరు హాజేలియసు అను నాతడు 1891లో స్టాక్‌హోము నగరమున స్కాన్సెను అను ప్రదర్శనస్థలమును నెలకొల్పెను. పలు సీమల పాత యిండ్లను విప్పి తెచ్చి యచ్చట మరల నిలిపిరి. నాటి దుస్తులు ధరించినవారు నేటికిని పూర్వపు వృత్తులను అచ్చట చేసి చూపుదురు.

ఇండ్లను నిలుపవచ్చును, ఆచారము నిలుచుటకు బిడ్డలు కావలెను. అచ్చట పగలు మిక్కిలి కుఱుచయైన శీతకాలమున, డిసెంబరు 13వ తేదీని లూసియా పండుగ జరుగును. తెల్లని వస్త్రము దాల్చి, నడుమునకు ఎఱ్ఱని పట్టీ కట్టి, తలపై దీపకిరీటముతో ఒక బాలిక ముందు నడువగా, తక్కిన పిల్లలు పాడుచు వెంట నడుతురు. కుంకుమపువ్వు కలిపిన పిండితో చిన్న రొట్టెలను బిడ్డలును పెద్దలతో కూడి చేయుదురు. పాఠశాలలలో కొయ్యపని, కుట్టుపని మున్నగు చేతిపనులు బాలురకును బాలికలకును విధిగా నేర్పుదురు.

నాకు తోచినది ఒక్కటే: పండుగనాడు బిడ్డను చూపరిగా నిలిపినచో వేడుక పెద్దలదే యగును. చిన్న పనియైనను వాని చేతికిచ్చినచో, ఆ వేడుక వానిది యగును; వాని బిడ్డలకును దక్కును.